ఏమీ వెయ్యని కుండీ

"అన్నా, జమ్మలమడుగు ఆసుపత్రికి ఇప్పుడు బస్సు ఉంటుందా? గింజలు పేగుకు అడ్డం పడితే ఆపరేషనే కదా?"

గోడ అవతలి నుంచి జవాబు నింపాదిగా వచ్చింది.

"ముందు నా పండ్లు ఎన్ని తినిందో చెప్పప్పా."

మూడేళ్లు నిండని మా అమ్మాయి నోరంతా నల్లగా చేసుకుని నా చంకలో ఉంది. పక్కింటి అరుగు మీద ఆరబెట్టిన పరికి పండ్లను గుప్పెళ్లతో మింగేసింది. పరికి అంటే గుట్టల మీద అల్లుకునే ముళ్లపొద. దాని వంకర ముల్లు చొక్కాను పట్టిందంటే ముందుకూ పోనివ్వదు, వెనక్కూ పోనివ్వదు. పండు చిన్నది, నల్లనిది, లోపల రాయిలాంటి గింజ. చిన్నప్పుడు నేనూ తిన్నవాణ్ణే. అయినా హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పే నాకు ఆ పూట నల్లబల్ల మీద గీసే పేగుల బొమ్మ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

పక్కింటి జియావుల్లా వచ్చి పాప పొట్ట మీద వేలితో తట్టాడు. "కక్కిందా? లేదు. ఏడుస్తాందా? నవ్వుతాండాది. రేపో ఎల్లుండో గింజలు బయటికొస్తాయి. కడిగి నాకియ్యి, ఇంకో కుండీలో ఏస్తా."

నా భార్య రమణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

జియావుల్లా మా ప్రొద్దుటూరులోనే, దూదేకుల ఇంట పుట్టాడు. పంచాయతీ సమితులు కొత్తగా వచ్చినప్పటి నుంచి చాపాడు వైపు పల్లెల్లో రైతులకు సేద్యం సంగతులు చెప్పే గ్రామసేవకుడు. సైకిలు, గట్టి గొంతు, దువ్విన మీసం. తన మాట మీద తనకు అపారమైన నమ్మకం. చిన్నప్పుడు తండ్రి దూది ఏకడం అయ్యాక పక్కన పిడికెడు ఏకని దూది ఉంచేవాడట. బేరానికి వచ్చినవాళ్లకు రెండూ చూపించేవాడట. "దాన్ని చూడందే దీని సంగతి తెలీదు" అనేవాడట ఆ తండ్రి. జియావుల్లా చదివిన వ్యవసాయమంతా ఆ పిడికెడు దూది చుట్టూ తిరిగేది.

ఆ పండ్లు అరుగు మీదికి రావడానికి ఒక తగాదా కారణం. పులివెందుల గుట్టల నుంచి ఆదెన్న అనే కాపరి ప్రతి ఏటా కోతలయ్యాక మేకల్ని తోలుకుని చాపాడు చేలల్లోకి దిగుతాడు. రాత్రిళ్లు మంద ఒక్కో చేలో పడుకుంటుంది. చేనుకు ఎరువు, కాపరికి జొన్నలు. వేసవంతా కాపరి ఇంట్లో సంగటి ఉడికేది ఆ జొన్నలతోనే. అయితే ఆ ఏడు వానలకు వెంకటేశు అనే రైతు చేలో పరికి మొలకలు లేచాయి. అందుకే మందతో దిగిన ఆదెన్నను వెంకటేశు పొలిమేరలోనే ఆపేశాడు.

"నీ మేకలు ఎరువెయ్యలేదప్పా, ముండ్లేసి పోయినాయి. ఇంక మా చేలల్లో మంద కట్టేది లేదు."

"పిట్టలు తెచ్చినదానికి నా మేకల్నంటే ఎట్ల మామా?" అన్నాడు ఆదెన్న. మంద అప్పటికి ఏటిగడ్డన గరిక కొరుక్కుంటూ నిలిచింది.

విన్న రైతులంతా వెంకటేశు పక్కనే నిలిచారు. సైకిలు దిగిన జియావుల్లా మాత్రం "ఇది పిట్టల పనే. నా మాట తప్పితే ఈ మీసం తీసేస్తా" అన్నాడు. అంతటితో ఊరుకుంటే ఆయన జియావుల్లా కాడు. వెంకటేశు చేను గట్టు దగ్గర, మంద ఎన్నడూ పడుకోనిచోట మన్ను తవ్వి మూడు కుండీల్లో నింపాడు. మొదటిదాంట్లో ఆదెన్న మేకలు నెమరేస్తూ దొడ్లో ఉమ్మిన గింజలు వేశాడు. రెండోదాంట్లో పొద నుంచి కోసిన పండ్లు; మిగిలినవి అరుగు మీద ఆరబోశాడు. మూడోది ఊరికే మన్ను.

మూడింటికీ రోజూ ఒకే చెంబుతో నీళ్లు. ఆయన భార్య ఖమ్రున్నీసాకు మూడోదాన్ని చూస్తేనే ఒళ్లు మండేది. "ఏమీ వెయ్యని కుండీకి నీళ్లు పోస్తాండాడు. ఇంట్లో కడవ మాత్రం ఖాళీ!"

మా పాప మింగిన గింజలు మూడోనాటికి సుఖంగా బయటపడ్డాయి. నేను చెప్పుకోలేని సిగ్గుతో కడిగి ఇచ్చాను. అది నాలుగో కుండీ అయింది.

ఉగాది దగ్గరపడేసరికి దొడ్డి గింజల కుండీ మొలకలతో నిండిపోయింది. పండ్లు వేసినదాంట్లో ఒకటో రెండో. ఆశ్చర్యం, ఏమీ వెయ్యనిదాంట్లోనూ ఒకటి లేచింది. "చూడప్పా, పిట్ట!" అని అరిచాడు. మరుక్షణం తనే నెత్తి గోక్కుని, ఆ మన్ను తవ్వినచోటికి సైకిలెక్కాడు. నేనూ వెంట పోయాను.

గట్టు మీద వెంకటేశు వేసుకున్న కంచె ఉంది. మేకలు రాకుండా అడ్డం వేసిన పరికి కంప. ఎండిన పండ్లు ఇంకా కొమ్మలకు వేలాడుతున్నాయి. కంచె కింది మన్ను జల్లెడ పడితే గింజలే గింజలు. చేను నడుమ, మంద పడుకునే చోట కొన్ని దొరికాయి. పిట్టలు వాలే చెట్టు కింద మన్నులో మాత్రం ఒక్కటీ లేదు.

ఆ సాయంత్రం రచ్చలో ఆయన కుండీలు వరసగా పెట్టి చెప్పాడు. "మేకలు ఏసినాయి, నిజం. వెంకటేశు మామ కంచె గూడా ఏసింది, నిజం. పిట్టలని నేనన్నది అబద్ధం."

"అంటే నా చేలో నేనే ముండ్లు ఇత్తుకున్నానా?" అన్నాడు వెంకటేశు.

"మేకలకు అడ్డమని ఏసి, మేకల పని నువ్వే చేసినావు మామా!" అని ఆదెన్న అనేసరికి రచ్చంతా నవ్వింది. వెంకటేశు కూడా నవ్వు దాచుకోలేకపోయాడు.

పరికి పండే నెలల్లో మందను గుట్ట దిగనివ్వనని ఆదెన్న, కాయ కట్టకముందే కంప కొడతామని రైతులు ఒప్పుకున్నారు. పండ్ల కాలం ఎలాగూ దాటిపోయింది. ఆ రాత్రి మంద వెంకటేశు చేలోనే పడుకుంది. మరునాడు జియావుల్లా మీసం లేకుండా బజారుకు వచ్చాడు, అదే గట్టి గొంతుతో.

నాలుగో కుండీలో ఏదీ మొలవలేదు. "మీ పాప మేకకు సాటి రాలేదప్పా" అన్నాడు నాతో. ఆ తరువాత కాస్త నెమ్మదించి ఇంకో మాట అన్నాడు. "నీకు బయమేసినప్పుడల్లా, ఏమీ వెయ్యని కుండీ యాడుందో ముందు ఎతుక్కో."

పోయిన వారం పాపకు జ్వరం వచ్చింది. ముందురోజు తిన్న మా పెరటి జామకాయే కారణమని నాకు గట్టి అనుమానం. బస్సు కోసం పరుగెత్తబోయి ఆగాను. జామకాయ తినని పిల్లలున్న ఇళ్లకు పోయి తలుపు తట్టాను. అక్కడా సగం మంది పిల్లలకు జ్వరమే. పాపను డాక్టరుకు చూపించడం మానలేదు. జామచెట్టును మాత్రం కొట్టించలేదు.