ఆదివారం సంతకం

భీమారావు సంతకాన్ని నేను వాడికంటే బాగా పెడతాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. ఆ సంతకమే వాడి కొంప ముంచింది.

రాయగడలో ఒక కాలనీకి నీళ్లు తోడే పంపుహౌసులో మేమిద్దరం ఆపరేటర్లం. పదహారేళ్లుగా ఆ మోటార్ల రొదలో చెవులు పోగొట్టుకున్నాం. వాడి తాత పార్వతీపురం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. వీడు ఒడియాలో బేరమాడతాడు, తెలుగులో తిడతాడు. మోటారు చప్పుడు విని ఏ బేరింగు పోబోతోందో చెప్పేస్తాడు. పెళ్లాం మనసులో ఏముందో మాత్రం ఎనిమిదేళ్లకీ వాడికి అంతుపట్టలేదు. శ్వేత చెడ్డది కాదు. ఇద్దరికీ పొసగలేదు, విడిపోయారు.

కూతురు ధనశ్రీకి ఏడేళ్లు. పిల్ల తల్లి దగ్గర, రామనగుడలో అమ్మమ్మ గురమ్మ ఇంట్లో ఉండాలి. తండ్రి నెలనెలా ఖర్చులకివ్వాలి. ప్రతి ఆదివారం పది నుంచి నాలుగు దాకా వెళ్లి చూసుకోవచ్చు. ఇదీ కోర్టు తీర్పు. డబ్బు ఒక్క నెల కూడా తప్పలేదు. చిక్కంతా ఆదివారంతోనే. ఆ రోజు కాలనీ జనమంతా ఇళ్లలోనే ఉంటారు, నీళ్లు ఎక్కువ కావాలి. అందుకని మా కాంట్రాక్టరు ఎవరికైనా ఏ రోజైనా సెలవిస్తాడు గానీ, ఆదివారం మాత్రం చచ్చినా ఇవ్వడు.

దానికి మా దగ్గర పాత మందుంది. ఒకడి బదులు ఇంకొకడు డ్యూటీ చేసి, రానివాడి సంతకం కూడా తనే పెట్టేస్తాడు. పెళ్లిళ్లూ చావులూ అన్నీ ఇలాగే గడిపాం. పైవాళ్లకు తెలుసు, తెలియనట్టుంటారు.

"నువ్వెల్లరా, నాను సూసుకుంతాను. అమ్మి ఎదురుసూస్తాది" అన్నాను.

నాది రాత్రి డ్యూటీ. ఆదివారం పగలు కూడా అక్కడే ఉండిపోయేవాణ్ణి. బదులుగా బుధవారం రాత్రి వాడు నా డ్యూటీ చేసేవాడు. అలా రెండేళ్లు నడిచింది. తెల్లారకుండా బస్సెక్కేవాడు, తిరిగొచ్చాక నా ప్రాణం తీసేవాడు.

"సన్యాసన్నా, అమ్మి సైకిలు తొక్కేసింది! సీటు పట్టుకుని ఎనకాల నాను పరిగెట్టేను. కాల్లు పడిపోనాయనుకో!"

నలభై దాటిన మనిషి, మోటార్లను మించి అరిచేవాడు.

ఈ ఏడు వేసవి సెలవుల్లో పిల్లని నెల రోజులు తన దగ్గర ఉంచుకుంటానని కోర్టులో అర్జీ పెట్టాడు. ఇంటికి సున్నం వేయించాడు. కిటికీకి దోమల జాలీ కొట్టించాడు. అక్కడ శ్వేతకు భయం పట్టుకుంది, వెళ్లిన పిల్ల తిరిగి రాదేమోనని. ఆవిడ వకీలు అడ్డం తిరిగాడు. ఆదివారాలే సరిగా రాని మనిషి నెల రోజులు ఏం చూస్తాడన్నాడు. ఒళ్లు మండిపోయింది నాకు. వాన పడ్డా, జ్వరమొచ్చినా మానని మనిషిని పట్టుకుని ఎంత మాట! కానీ వకీలు మా హాజరు రిజిస్టరు కోర్టుకు తెప్పించాడు. రెండేళ్ల ఆదివారాల్లో ఒక్కటీ తప్పకుండా భీమారావు హాజరు. పక్కన సంతకం. నేను పెట్టిందే.

"నిజం సెప్పీరా, ఏటవుతాదో అవనీ" అన్నాను, ఆ సంగతి తెలిసిన రోజు.

"నోర్ముయ్యన్నా. ఇద్దరి పనీ పోతాది. నీ ఇల్లెలా గడుస్తాది? నా అమ్మికి నానేటి పంపిస్తాను?"

వాయిదా రోజు పిల్లని కూడా తీసుకొచ్చారు, అవసరమైతే జడ్జిగారు అడుగుతారని. తల్లి పక్కన బల్ల మీద కాళ్లూపుతూ కూర్చుంది. జడ్జిగారు రిజిస్టరు తిరగేసి, నెమ్మదిగానే అడిగారు.

"ఈ ఆదివారాలు మీరు రామనగుడలో ఉన్నారా, డ్యూటీలో ఉన్నారా?"

వాడు వెనక కూర్చున్న నావైపు చూడలేదు. శ్వేత వైపు చూశాడు. వీడు రాని ఆదివారం లేదని ఆవిడకి తెలుసు. అయినా ఆవిడ తలెత్తలేదు.

"డ్యూటీలోనే ఉన్నానండీ" అన్నాడు.

తండ్రే ఒప్పుకున్నాక ఇక పిల్లని అడిగేదేముందన్నారు. అర్జీ కొట్టేశారు. ఆదివారాలు కూడా నెలకొకటి చేశారు. వెనక బల్ల మీంచి నేను లేచి, అయ్యా, ఆ సంతకం నాది అని అరవాల్సింది. లేవలేదు. ఛీ, ఏం బతుకు నాది!

బయట వరండాలో ధనశ్రీ పరిగెత్తుకొచ్చి తండ్రి చొక్కా పట్టుకుంది.

"నాన్నా, ఆదివారాలు నువ్వు డూటీలో ఉన్నావా?"

వాడు వంగి పిల్ల జడ సరిచేశాడు.

"మరి నా సైకిలు ఎనకాల పరిగెట్టింది ఎవులు?"

"రాయే, బస్సెల్లిపోతాది" అంటూ గురమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని లాగింది. పిల్ల వెనక్కి తిరిగి తిరిగి వాణ్ణి చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ అడిగినదానికి జవాబు నా దగ్గరుంది. శ్వేత కూడా వింటోంది. వాళ్ల బస్సు కదిలేదాకా నేనక్కడే నిలబడ్డాను. చెప్పలేదు.