కొత్తకు ముందే వండిన కూర

ఈ ఏడాది నాకు మూడో తరగతి ఇచ్చారు. జూన్‌లో వత్తుల దగ్గర మొదలుపెట్టాం. ఇప్పుడు పిల్లలు పేజీకి నాలుగైదు వాక్యాలుండే కథలు చదువుతున్నారు. మూడంకెల తీసివేతలు సగం మందికి ఇంకా కొరుకుడు పడలేదు. ఆరో ఎక్కం దాకా అందరూ అప్పజెప్పేస్తారు, ఏడో ఎక్కం దగ్గర మాత్రం తరగతి మొత్తానికి ఒకేసారి దాహం వేస్తుంది.

ముదిగొండ దగ్గర, మా సొంత ఊరికి పక్కనే ఉన్న బడి ఇది. పిల్లల నోళ్ళు గట్టివి. ఒకరిని చదవమంటే ముగ్గురు లేస్తారు. పుస్తకం ఒకరిది, వేలు ఇంకొకరిది, అరుపు మూడోవాడిది. సాయంత్రానికి నా తల దిమ్మెక్కిపోతుంది.

పోయిన వారం మొక్కల పాఠానికి వచ్చాం. గాజు గ్లాసుల్లో తడి దూది పెట్టి, దానిమీద చిక్కుడు గింజలు వేసి, కిటికీలో వరసగా ఉంచాం. రోజూ మొలకను స్కేలుతో కొలవాలి, నోటుబుక్కులో బొమ్మ వేసి పక్కన ఎంత పెరిగిందో రాయాలి. నాలుగో రోజు ఒక పిల్ల అడిగింది: "మేడమ్, కాయలు కాసినంక మనమే వండుకొని తిందామా?"

"ముందు మొలవనియ్యి" అని గదమాయించి బోర్డు వైపు తిరిగాను. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు. నాకు పోయిన ఏడాది గుర్తొచ్చింది.

పోయిన వేసవిలో బదిలీ అయ్యేదాకా నేను పనిచేసింది బూర్గంపాడు దాటి లోపలికి వెళ్ళాక, అడవి అంచున ఉన్న కోయ పల్లెలో. ఒకే గది, ఒకే టీచరు, అయిదు తరగతులూ ఒకే చాప మీద. బూర్గంపాడులో కిరాయికి ఉండి రోజూ స్కూటీ మీద వెళ్ళేదాన్ని. వానాకాలంలో స్కూటీ నన్ను మోసిన దూరం కంటే నేను స్కూటీని తోసిన దూరమే ఎక్కువ. నాలుగేళ్ళలో నేను నేర్చుకున్న కోయ మాటలు రెండు చేతుల వేళ్ళకు సరిపోతాయి. ఆ పిల్లలు ఏడాది తిరగకుండానే నా భాషలో ఎక్కాలు చెప్పారు. ఎవరు మొద్దులో వేరే చెప్పాలా?

వాళ్ళలో రెండో తరగతి పిల్ల ఒకతె ఉండేది. అమ్మానాన్నలు కూలిపనికి ఊళ్ళు పట్టుకు తిరిగేవాళ్ళు. పిల్ల నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఎంత తక్కువ మాట్లాడేదంటే, హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేదే కానీ నోరు విప్పేది కాదు. అలాంటిది, పోయిన ఏడాది జూలైలో ఒకరోజు నా కుర్చీ పక్కన వచ్చి నిలబడి, పుస్తకం నా ఒళ్ళో పెట్టి, అక్షరం కింద వేలు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. చదవడం అంటే గుసగుస. నేను వంగి చెవి దగ్గర పెడితే తప్ప వినపడదు. రోజుకో వాక్యం. కుందేలు కథ సగం పేజీ దాకా అలా నడిచింది. ఒక్కో మాటా కూడబలుక్కుని, అది మాటగా తేలగానే తల ఎత్తి నా ముఖంలోకి చూసేది. ఆ చూపు కోసం నేను పొద్దున్నే స్కూటీ తీసేదాన్నంటే అతిశయోక్తి కాదు.

"దసరా సెలవులై వచ్చినంక, అందరి ముందు నిలబడి పేజీ మొత్తం గట్టిగా చదవాలె. చదువుతవా?" అని అడిగాను.

తల ఊపింది. నాకు ఆ ఏడాది అంతకంటే పెద్ద లక్ష్యం ఇంకేమీ లేదు.

అదే జూలైలో బడిలో పెరటి తోట వేయమని పైనుంచి చెప్పారు. వేరే బళ్ళవాళ్ళు నాలుగు మొక్కలు పాతి ఫొటో తీసి పంపారు. నేను వ్యవసాయం ఇంటి మనిషిని, నాకు అలా కుదరదు. మా అమ్మ దగ్గర తొందరగా కాపుకొచ్చే చిక్కుడు గింజలు తెచ్చి మడులు కట్టించాను. కొలతల పాఠం ఆ మడుల దగ్గరే చెప్పాను. తీగ ఎన్ని జానలు పెరిగింది, ఎన్ని పూలు పూసింది, ఎన్ని రాలాయి, అన్నీ పిల్లలు రాసుకున్నారు. పొద్దున రాగిజావ తాగి కడిగిన గ్లాసుల నీళ్ళు కూడా తోటకే పోసేవారు. సెప్టెంబరు ముగిసేసరికి తీగ నిండా కాయలు. ఊళ్ళో ఎవరింటి పాదూ ఇంకా పూతకు రాలేదు. నాకు కొంచెం గర్వం కలిగింది. కొంచెమేమిటి, బాగానే కలిగింది.

దసరా సెలవులకు ముందు ఒకరోజు, బడిలో వంట చేసే అక్క, తన కొడుక్కి జ్వరమని భద్రాచలం దవాఖానాకు వెళ్ళింది. ఆ పూట వంట నాదే. అన్నం, పప్పు వండి, మా తోటలో కాయలు కోసి చిక్కుడుకాయ కూర చేశాను. ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి, మా అమ్మ చేసినట్టే. నా చేతులతో నేనే వడ్డించాను.

ఎవరూ ముట్టలేదు. పప్పూ అన్నం తిన్నారు, కూరను మాత్రం పళ్ళెం అంచుకు నెట్టేశారు. ఎందుకురా అంటే, ఆకలి లేదు అన్నాడొకడు. ఇంకొకడు నేల చూశాడు. పెద్దపిల్లలు తమలో తాము కోయలో ఏదో అనుకున్నారు. నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపికా లేదు. కోపం వస్తే నా నోరు నా మాట వినదు.

"మూడు నెలలు నీళ్ళు పోసింది పారేసుకునేటందుకా? పొద్దటిసంది పొయ్యి కాడ నిలబడి వండిన. ఏంది మీకు గింత పొగరు?" అన్నాను.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. రెండో తరగతి పిల్ల నా పక్కనే కూర్చుని ఉంది. దాని పళ్ళెంలో కూర ముద్దలో కలిపి, "వాళ్ళను ఇడిచిపెట్టు. నువ్వైతే తింటవు, నా బిడ్డవు గద" అని నోటి దగ్గర పెట్టాను.

ఆ పిల్ల మిగతా పిల్లల వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. నోరు తెరిచింది. పళ్ళెంలో ఉన్నదంతా, ఒక్క కాయ మిగల్చకుండా తినేసింది. పిల్లలందరూ తినడం మానేసి దాన్నే చూస్తున్నారు. నేను గెలిచాననుకున్నాను.

మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడో రోజు వంటక్క దవాఖానా నుంచి తిరిగొచ్చి, సంగతి విని తల పట్టుకుంది.

"ఎంత పని చేసినవు పంతులమ్మా. చిక్కుడు కొత్త ఇంకా కాలే గద మాకు" అంది.

ఆమె చెప్తే తెలిసింది. ఆ ఊళ్ళో ఏ పంటైనా చేతికి రాగానే తినరు. ఊరంతా ఒకరోజు అనుకుని, ముందు వేల్పుకు పెట్టి, కొత్త పండుగ చేసుకున్నాకే నోట్లో పెట్టుకుంటారు. చిక్కుడు కొత్తకు ఇంకా రెండు నెలలుంది. అంతవరకూ పాలు మరిచిన పిల్లలు కూడా ఆ కాయ ముట్టరు. నాలుగేళ్ళు అక్కడ ఉన్నాను. కొత్త పండుగలకు నన్ను పిలిచారు, వెళ్ళి తిని కూడా వచ్చాను. అది వాళ్ళకు పిండివంటల పండుగ లాంటిదనుకున్నానే తప్ప, దానికి ముందు నోరు కట్టుకుంటారని నేనెప్పుడూ అడిగి తెలుసుకోలేదు.

ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. పిల్ల లోపల ఉంది, బయటికి రాలేదు. నాయనమ్మ వాకిట్లో కూర్చుని చీపురు పుల్లలు ఏరుతోంది. నన్ను చూసి మంచం వాల్చింది. తిట్టి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

"తప్పయింది అవ్వా. నాకు తెల్వదు" అన్నాను.

"నువ్వు తెల్వక పెట్టినవు. అది తెలిసే తిన్నది" అంది ముసలమ్మ. "ఎందుకు తిన్నవే అంటే, పంతులమ్మ పెట్టింది అంటది."

వేల్పు దగ్గర కోడినిచ్చి తప్పు చెప్పుకోవాలట. కోడి నేను తెస్తానన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"తప్పు మా ఇంట్ల పడ్డది. కోడి మా ఇంటిదే కావాలె. నువ్వు పో, చీకటి పడితే తొవ్వ మంచిగుండదు" అంది.

పిల్ల సెలవుల తర్వాత బడికి వచ్చింది. నా కుర్చీ పక్కకు రాలేదు. వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. ఏది రాయమంటే అది రాసేది, దస్తూరి ముత్యాల్లా ఉండేది. లెక్కలు అందరికంటే ముందు చేసేది. చదవమంటే మాత్రం పెదవులు బిగించేది. బతిమాలాను. బుజ్జగించాను. మిగతా పిల్లలను ఆటకు పంపి, నేను నోటుబుక్కులు దిద్దుకుంటున్నట్టు నటిస్తూ వీపు తిప్పి కూర్చున్నాను. నవంబరు గడిచింది, చిక్కుడు కొత్త పండుగ అయింది, సంక్రాంతి సెలవులు వచ్చి పోయాయి. ఆ పిల్ల నన్ను చూసి భయపడి ఆ ముద్ద తినలేదు. నా మీద ఇష్టంతో తిన్నది. ఆ ఇష్టాన్ని నేను నలుగురి ముందు నా పంతం నెగ్గించుకోవడానికి వాడుకున్నాను. ఇది ఏ శిక్షణ తరగతిలోనూ నాకు చెప్పలేదు, చెప్పినా నేను వినేదాన్ని కాదేమో.

ఏప్రిల్‌లో చివరి రోజు కూడా అడిగాను. పుస్తకం తెరిచింది. కుందేలు కథ మొదటి మాట కింద వేలు పెట్టింది. వేలు ఎక్కడా తడబడకుండా, వాక్యం చివర ఆగుతూ, పేజీ చివరి దాకా వెళ్ళింది. పెదవులు కదలలేదు. పుస్తకం మూసి తన చోటుకు వెళ్ళిపోయింది. చదవడం దానికి వచ్చని ఆ రోజు నాకు తెలిసిపోయింది.

నిన్న మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక, నా స్థానంలో వచ్చిన టీచరుకు ఫోన్ చేశాను. కొత్తగూడెం అబ్బాయి, మొదటి ఉద్యోగం. పాఠాలు ఎంతవరకు వచ్చాయి, వత్తులు అయ్యాయా, తోట ఉందా అని డొంకతిరుగుడుగా అడిగి అడిగి, చివరికి ఆ పిల్ల సంగతి ఎత్తాను.

"మూడో తరగతి పాపనా మేడమ్? మంచిగ చదువుతది. నేను వచ్చిన మొదటి రోజే, అడగకముందే లేచి నిలబడి పేజీ మొత్తం గట్టిగ చదివింది. మీరే నేర్పినరట గద, వంటక్క చెప్పింది."

సంతోషం వేసిందని రాయాలని ఉంది. ముందు వేసింది అసూయ. తర్వాత ఏడుపొచ్చింది. పది నెలలు నేను ఎదురుచూసింది అతనికి మొదటి రోజే దొరికింది.

"ఉండున్రి మేడమ్, ఇప్పుడు అందరూ కలిసి పాఠం చదువుతున్నరు, వినున్రి" అని అతను ఫోన్‌ను వాళ్ళ మధ్యలో పెట్టాడు.

ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని విన్నాను. ఇక్కడ నా తరగతి గోల వినపడకుండా రెండో చెవి మూసుకున్నాను. పిల్లలందరి గొంతులూ కలిసి ఒక్కో వాక్యం చదువుతున్నాయి. వాటిలో ఆ పిల్ల గొంతు తప్పకుండా ఉంది. పాఠం అయిపోయేదాకా వెతికాను. ఆ పిల్ల నోట నేను ఇదివరకు విన్నది గుసగుస ఒక్కటే. గట్టిగా చదివితే ఆ గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు.