తాళం లాక్కున్న హోటలామె

అక్క కూతురి నిశ్చితార్థం సాయంత్రం విశాఖలో. గుంటూరు నుంచి ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ బయల్దేరాను. అనకాపల్లి దాటాక రోడ్డు పక్క హోటల్లో భోంచేసి బయటికొస్తే, నా కారుకు అడ్డంగా బెల్లం లారీ ఉంది. దాని డ్రైవరు వేపచెట్టు కింద నులకమంచం మీద గుర్రుపెడుతున్నాడు.

అతన్ని లేపమని హోటలామెను అడిగాను.

"నేపను. కళ్ళు సింతనిప్పుల్లాగ వచ్చేడు. తాళం నానే లాగేసేను," అంది.

ఆమె వెనక గోడ మేకులకు లారీల తాళాలు వేలాడుతున్నాయి. అన్నం తిన్న డ్రైవరు కునుకు తీస్తేగానీ తాళం చేతికి రాదట.

"ఇదేం దౌర్జన్యం? నన్ను ఆపే హక్కు నీకెవరిచ్చారు?" అని అందుకున్నాను. అంతలోనే నోరంతా తెరుచుకుని ఆవలింత వచ్చింది.

"సూసేవా మావా, తిడతా తిడతానే ఆవలిత్తన్నారు!" అని వంట చేస్తున్న మొగుడితో చెప్పి పకపకా నవ్వింది. నా వైపు చెయ్యి చాచింది. "మీ తాళం కూడా ఇలా తెండమ్మా."

నాకు నిద్ర రావడం లేదని నిరూపించడానికే పక్క మంచం మీద వాలాను. లేచేసరికి ఎండ చల్లబడింది, లారీ వెళ్ళిపోయింది. మొహం కడిగించి, టీ తాగించి మరీ తాళమిచ్చింది మహాతల్లి.

నేను చేరేసరికి తాంబూలాలు మార్చుకోవడం అయిపోయింది. అక్క అందరి ముందూ దులిపేసింది. ఎప్పుడూ తను ఒకటంటే నేను పది అంటాను. ఆ రోజు ఒళ్ళు ఎంత తేలిగ్గా ఉందంటే, నవ్వుతూ వాటేసుకున్నాను.

అక్క తిట్టడం ఆపి, కంగారుగా నా నుదుటి మీద చెయ్యేసింది.

"జ్వరమేమైనా వచ్చిందేమిటే?"