ఎర్ర టిక్కులు

పన్నెండేళ్లుగా ఒక ఎర్ర పెన్ను బరువు మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెప్తున్నాను.

సైదాబాద్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకి వెళ్లేదాన్ని. మొదటి రోజే సార్ రెండు చిన్న వాక్యాలిచ్చి, ఒకే వాక్యంగా కలపమన్నారు. లేచి నిలబడ్డాను. జవాబు తెలుసు, నోరు పెగల్లేదు. వెనక బెంచీ నుంచి రజిత, "సార్, గీమెకు ముందుగాల తెలుగు నేర్పుండ్రి" అంది. క్లాసంతా గొల్లున నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట చల్లారనివ్వలేదు నేను.

సార్ ఒక్కరు, మేం నలభై మంది. అందుకని ఇద్దరిద్దరిని జోడీ కట్టి, ఒకరి నోట్‌బుక్ ఒకరు దిద్దుకోమనేవారు. రోజుకు పది కొత్త మాటలు, వాటి అర్థాలు, వాటితో పది వాక్యాలు. ఎర్ర టిక్కులు కనిపిస్తే సార్ కింద సంతకం పెట్టేసేవారు. రజితకు జోడీ నేనే.

గలగలా మాట్లాడేది గానీ, ఆమె రాత తప్పులతడక. ఒక మాటకు ఇంకో మాట అర్థం రాసేది, 'కానీ' ఉండాల్సిన చోట 'కాబట్టి' పెట్టేది. అన్నిటికీ టిక్ పెట్టాను. మూడు నెలలు, ఒక్కటి కూడా వదలకుండా, ప్రతి టిక్‌కీ ఆ నవ్వును గుర్తు చేసుకుంటూ.

ఒక స్కూల్లో టీచరు ఉద్యోగానికి పరీక్ష రాయబోతూ ఒకరోజు అడిగింది. "నిజం చెప్పవే, అన్నీ కరెక్టేనా? గీ స్కూల్ నౌకరి రాకుంటే మా బాపు దుకాణంల కూసోబెడ్తడు."

"మస్తు రాస్తున్నవ్. ఫికర్ చెయ్యకు" అన్నాను.

స్కూలువాళ్ల రాతపరీక్షలో తప్పింది. ఆ పూట నేను కడుపునిండా తిన్నాను. మర్నాడు నోట్‌బుక్ పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. "గిన్ని టిక్కులున్నా ఫెయిలైన. నా దిమాకే తక్కువున్నట్టుంది" అంది. అప్పుడైనా చెప్పొచ్చుగా? చెప్పలేదు. ఆమె తలదించుకోవడం చూడాలనే కదా మూడు నెలలు కాచుకున్నాను.

ఇప్పుడు చాంద్రాయణగుట్టలో వాళ్ల స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చుంటుంది. పోయిన నెల టిఫిన్ డబ్బా కొనడానికి వెళ్తే, నన్ను చూసి సంబరపడి చాయ్ తెప్పించింది. ఇంతలో ఇంగ్లిష్‌లో మాట్లాడుతూ ఎవరో వచ్చారు. చప్పున తమ్ముణ్ణి పిలిచి తను లోపలికి వెళ్లిపోయింది. ఆ చాయ్ తాగలేకపోయాను.

పశ్చాత్తాపమా? పూర్తిగా కాదు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ చెయ్యి ఎర్ర పెన్ను వెతుకుతుంది. కానీ రజితకు తెలివి తక్కువేం కాదు. ఆ సంగతి తెలిసినదాన్ని ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే. ఇప్పుడు మీకూ తెలుసు.