పేడనీళ్ళలో రాళ్ళు

అరకులో మంచు దిగిందంటే చాలు, నా ఎడమ కనుబొమ్మ మీది కుట్లు లాగడం మొదలెడతాయి. ఈ ఉదయం కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఎదురింటి పెంకులు కూడా కనబడలేదు గానీ, ఆ కుట్లు మాత్రం ఒక్కొక్కటీ లేచి పలకరించాయి. మిషన్ హాస్టల్లో ఆడపిల్లలకి వార్డెన్‌గా సగం జీవితం గడిపి, పాముల్నీ, గోడ దూకే కుర్రకుంకల్నీ, తాగొచ్చి పిల్లల్ని తీసుకుపోతామనే తండ్రుల్నీ ఎదుర్కొని, ఒంటి మీద గీత పడకుండా రిటైరైన మనిషిని నేను. అలాంటి దాని నుదురు పగిలింది ఒక పాట కోసమంటే ఎవరూ నమ్మరు. అదీ గట్టిగా పాడినందుకు కాదు, మెల్లగా పాడినందుకు.

పాడింది నేను కాదులెండి, నా మేనల్లుడు. మా తమ్ముడు డొంకరాయిలో పవర్‌హౌస్ ఉద్యోగి. ఆ యంత్రాల హోరులో పుట్టాడు కనకే వీడికి చప్పుడంటే అంత ప్రాణమని మా మరదలు అనేది. చదువుకని నా దగ్గరకొచ్చి, మా చర్చిలోనే గిటారు పట్టుకోవడం నేర్చాడు. ఆదివారం కీర్తనలు పాడుతున్నంతసేపూ బుద్ధిమంతుడే, సోమవారం నుంచీ మొదలయ్యేది నా గొడవ. జి.మాడుగుల అవతల కొండమీది ఊరి నుంచి కాలేజీకొచ్చిన ఒక డప్పు కుర్రాడు వీడికి జత కుదిరాడు. ఆ కుర్రాడు దెబ్బ వేశాడంటే పెంకుల మీది పిల్లులు దూకి పారిపోయేవి. ఇంకో ఇద్దర్ని చేర్చుకుని రాక్ బ్యాండు అన్నారు. పాటలు వాళ్ళే కట్టుకునేవారు, వాళ్ళే రికార్డు చేసి ఫోన్లలో పెట్టేవారు. వాళ్ళ వెనక ఏ కంపెనీ లేదు, కాఫీ గింజలు ఆరబోసుకునే మా పెరటి షెడ్డు తప్ప. మొదట్లో చెవుల్లో దూది పెట్టుకుని తిట్టాను. తర్వాత తర్వాత, చెప్పొద్దూ, బియ్యం ఏరుకుంటూ నా కాలు కూడా ఆడేది. ఆ పాటల్లో రోడ్డు లేని ఊళ్ళ కోపం ఉండేది, డోలీలో మోసుకెళ్ళే గర్భిణుల కేక ఉండేది. కుర్రాళ్ళు పాడేరు నుంచీ, ఎక్కడో రాజవొమ్మంగి నుంచీ బైకుకి ముగ్గురేసి ఎక్కి వచ్చి, గొంతులు పోయేలా అరిచి, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకుని, పగిలిన పెదాలతో నవ్వుతూ ఇళ్ళకి పోయేవాళ్ళు. అది వాళ్ళకి పండగ.

అలా ఉండగా ఒకనాడు అన్నం పెట్టి ఎన్నిసార్లు పిలిచినా వీడు వెనక్కి తిరగలేదు. పొగరనుకుని గరిటె విసిరాను. అది భుజానికి తగిలాక తిరిగి చూసి, "పిలిసినావా అత్తా?" అన్నాడు. మర్నాడే విశాఖపట్నం తీసుకెళ్ళాను. చెవి లోపలి నరం దెబ్బతిందన్నాడు డాక్టరు. పోయింది రాదట. ఉన్నదైనా నిలవాలంటే ఆ మోత మానేయాలి, లేకపోతే తొందర్లోనే రెండు చెవులూ పోతాయన్నాడు. తిరుగు బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే వాడు కిటికీ వైపు మొహం పెట్టుకుని, "ఎవులికీ సెప్పొద్దత్తా. తెలిస్తే పాట ఇనరు, నా సెవుల మీద జాలిపడతారు" అన్నాడు. డప్పు కుర్రాడికి సైతం చెప్పనని బైబిలు మీద నా చెయ్యి పెట్టించి మరీ ఒట్టు వేయించుకున్నాడు.

అలా మారింది ఆ బ్యాండు. మెల్లని గిటారు, లోగొంతు, పాట మధ్యలో ఖాళీలు. డప్పు కుర్రాడి చేతికి డప్పు బదులు గింజలు పోసిన ఎండు ఆనపకాయ బుర్ర ఇచ్చారు. దాన్ని వాడు చచ్చిన ఎలకని తోకపట్టుకుని ఎత్తినట్టు పట్టుకునేవాడు. ఎందుకురా ఇదంతా అని వాడు అడిగితే, నాకిలాగే నచ్చింది అనేవాడు నా మేనల్లుడు. ఆ మాట మీద ఒకసారి ఇద్దరూ కొట్టుకుని, కాఫీ గింజలు ఆరబోసిన పట్టాల మీద దొర్లుతుంటే, బిందెడు నీళ్ళు కుమ్మరించి విడదీశాను. గింజలు తడిసి పాడైపోయాయి.

పాటలు ఫోన్లలోకి వెళ్ళగానే జనం దుమ్మెత్తిపోశారు. మీరు చచ్చిపోయారన్నారు. అమ్ముడుపోయారన్నారు. కొన్నవాడెవడో ఇంతవరకూ నా కంటబడలేదు. మీ ఇళ్ళు తగలెడతామని రాసినవాళ్ళలో మా హాస్టల్లో చదివిన పిల్ల తమ్ముడొకడు ఉన్నాడు. వాణ్ణి చిన్నప్పుడు ముక్కు తుడిచి ఎత్తుకున్నాను. హైదరాబాదులో ఒక విమర్శకుడు, కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని ఫొటో దిగే రకం, పేజీడు రాశాడు. అడవి గొంతు మూగబోయిందట, కొండ కుర్రాళ్ళు మెత్తబడిపోయారట. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆయన అడవి చూసింది అద్దాల రైలుపెట్టెలోంచి అయివుంటుంది. అడవి రోజులో ముప్పావు వంతు నోరు మూసుకునే ఉంటుందని, అడిగితే నేను చెప్పేదాన్ని కదా. కూర్చుని ఒక్కొక్కరికీ ఘాటుగా జవాబులు టైపు చేస్తుంటే వీడొచ్చి ఫోను లాక్కున్నాడు. "తిట్టనీ అత్తా. తిట్టినోడు పాట ఇన్నట్టే కదా" అన్నాడు.

ఆ చైత్రంలో డప్పు కుర్రాడి ఊరు నుంచి ఇటుకల పండగకి పిలుపొచ్చింది. ఏటా వెళ్ళి పాడేదే. ఆసారి వీడి చెవుల బెంగతో నేనూ వెంట వెళ్ళాను. ఆ పండగలో మగవాళ్ళు వేటకి వెళతారు. వట్టి చేతులతో తిరిగొస్తే మరదళ్ళూ వదినలూ కాచుకుని ఉండి పేడనీళ్ళు కొట్టి, నానా మాటలూ అని, అప్పుడు ఊళ్ళోకి రానిస్తారు. ఇప్పుడు అడవిలో కుందేలైనా దొరకదు కనక ప్రతి మగాడూ తడుస్తాడు, ఎవరూ నొచ్చుకోరు. పొద్దు వాలకముందే పాట మొదలైంది. ముందు బైకుల కుర్రాళ్ళు, వెనక ఊరు. మొదటి పాట మెల్లగా సాగింది, రెండోది మరీ మెల్లగా. "డప్పు తియ్యండ్రా!" అని ఒకడు. "ఇదేటి పాట? శవం కాడ కూకున్నట్టు!" అని ఇంకొకడు. డప్పు కుర్రాడికి వదిన వరసయ్యే ఒకావిడ నవ్వుతూనే కుండెడు పేడనీళ్ళు ఎత్తుకొచ్చి, "వట్టి సేతుల్తో వచ్చినారు!" అని బ్యాండు మీద కుమ్మరించింది. ఊరంతా గొల్లుమంది. నా మేనల్లుడూ నవ్వి, మొహం తుడుచుకుని, మళ్ళీ తీగ మీటాడు. అక్కడితో ఆగితే అది మర్యాదే. బైకుల వాళ్ళకి వరసలేమిటి, మర్యాదేమిటి? వాళ్ళూ ఆ పేడనీళ్ళ మడుగులో చేతులు పెట్టారు. ముందు బురద వచ్చింది, తర్వాత బురదలో గులకరాళ్ళు వచ్చాయి, ఆ తర్వాత బురద లేని రాళ్ళే వచ్చాయి. కీబోర్డు వాయించే పిల్లాడు మూతి పగిలి, ఊడిన పన్ను అరచేతిలో పెట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. స్పీకరు తోసేస్తే అది తోసినవాడి పాదం మీదే పడింది, వాడు పెట్టిన కేక ఆ సాయంత్రం బ్యాండు పాడిన అన్ని పాటలకన్నా గట్టిగా ఉంది. నేను గొడుగు పుచ్చుకుని దూకాను. పేరుపేరునా తిడుతూ ఇద్దరి వీపులు విమానం మోత మోగించాను. గొడుగు కర్ర విరిగింది. అప్పుడే రాయొచ్చి కనుబొమ్మకి తగిలింది. వెచ్చగా కంట్లోకి నెత్తురు కారింది.

రెండో కంటితో చూస్తే అసలు ఘోరం వేదిక మీద జరుగుతోంది. డప్పు కుర్రాడు ఆనపబుర్రని కాలితో తొక్కేసి, గిటారు లాక్కుని బండకేసి బాదాడు. సొంత ఊళ్ళో తలెత్తుకోలేకుండా అయ్యాడు మరి. ఏడుస్తూనే నా మేనల్లుణ్ణి కొడుతున్నాడు. "నా డప్పు నిన్నేటి సేసినాదిరా? సెప్పు!" అంటూ చెంప మీద, దవడ మీద, చెవి మీద. వీడేమో చెయ్యి అడ్డం పెట్టడు, నోరు తెరవడు. ఆ మొండితనం చూస్తే నాకు వీణ్ణే ముందు కొట్టాలనిపించింది. మైకు ఇంకా పనిచేస్తోంది. అందుకున్నాను.

"సెవి మీద కొట్టకురా ఎదవా! ఆడికి సెవులు పోతన్నాయి! అందుకేరా మీ మోత మానేసినాడు!"

ఎదుటి కొండ కూడా ఆ మాట తిప్పి చెప్పింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. రాళ్ళు ఆగాయి. బైబిలు మీద వేసిన ఒట్టు తప్పానని ఎవరైనా అంటే అననీ, పైవాడికి నేను జవాబు చెప్పుకుంటాను. కళ్ళముందు ఆ చెవుల్ని చితక్కొడుతుంటే చూస్తూ ఊరుకునేదాన్ని కాను, ఇవాళయినా అంతే.

అంతసేపూ దెబ్బలకి ఏడవని వాడు నా మాటకి ఏడ్చాడు. ఆసుపత్రిలో నాకు కుట్లు వేస్తుంటే పక్కన నిలబడి, "రాళ్ళే నయం అత్తా" అన్నాడు. వాడు భయపడినట్టే అయింది. మర్నాటి నుంచీ ఫోన్లలో తిట్లన్నీ మాయమైపోయి దండాలూ, ఏడుపు బొమ్మలూ వచ్చిపడ్డాయి. ఇల్లు తగలెడతానన్నవాడు నీకోసం ప్రార్థన చేస్తున్నానన్నా అని రాశాడు. హైదరాబాదాయన మరో పేజీడు రాశాడు. అవే పాటల్లో ఈసారి ఆయనకి మౌనమూ, వేదనా, ఇంకా నాకు నోరు తిరగనివేవో వినబడ్డాయి. పాటలో ఒక్క తీగ మారలేదు, ఒక్క అక్షరం మారలేదు. అది చదివి నా మేనల్లుడు గది తలుపేసుకున్నాడు. బ్యాండూ లేదు, పాటా లేదన్నాడు. కంచం పెడితే ముట్టుకోకుండా వెనక్కి తోసేసేవాడు. రాళ్ళకి చావని వాడు పూలకి చస్తాడేమోనని నాకు హడలు పట్టుకుంది.

వానలు మొదలయ్యాక డప్పు కుర్రాడొచ్చాడు. క్షమాపణకొచ్చాడనుకుని పక్కకి తప్పుకున్నాను. వాడు గది తలుపు తన్ని తెరిచి, ఎదురుగా నిలబడి, వీడికి వినబడేంత గట్టిగా అరిచాడు. "నీ సెవులు పోతే పోనాయి! నీ కొత్త పాట సెత్త! అప్పుడూ సెత్తే, ఇప్పుడూ సెత్తే!" నేను చీపురు అందుకున్నాను. తీరా చూస్తే నా మేనల్లుడు నవ్వుతున్నాడు. "ఏ పాట సెత్త? ఎక్కడ సెత్త? సెప్పు" అంటూ మంచం దిగాడు. ఈ చరణం ఇలా ఏడిసిందని వాడూ, నీ మొహం ఏడిసిందని వీడూ, సాయంత్రానికి షెడ్డులో మళ్ళీ కాలర్లు పట్టుకున్నారు. కొట్టుకోనీ అని నేను అన్నం వార్చుకున్నాను. ఆ పూట వీడు రెండుసార్లు మారు వడ్డించుకున్నాడు.

ఇప్పుడు మళ్ళీ పాడుతున్నారు, మెల్లగానే. కుడి చెవి పూర్తిగా పోయింది, ఎడమది కాస్త మిగిలింది. ఎక్కడ పాడినా నేను వాడి ఎడమ పక్కన కుర్చీ వేసుకుంటాను. జనం జాలి ఎంతకాలమని ఉంటుంది, పాట పాటకీ తరిగిపోయింది. మొన్న పాడేరులో వెనక వరస నుంచి ఎవడో గొంతు చించుకుని అరిచాడు. వీడు పాట ఆపి, నావైపు వంగి, "ఏటంటన్నాడత్తా?" అన్నాడు. ఆ చెవి దగ్గర నోరు పెట్టి, ఒక్క అక్షరం తగ్గించకుండా, బూతుతో సహా చెప్పాను. వాడి మొహం విప్పారింది. హాస్టల్లో ఎవరి నోటైనా చెడ్డమాట వినబడితే చింతబరికె తీసినదాన్ని, ఇప్పుడు ఊరి తిట్లన్నీ వాడికి నా నోటితోనే చేరాలి. ఆ ఎడమ చెవి ముందు పోతుందో, నేను ముందు పోతానో తెలియదు గనక, ఏ పూట తిట్టు ఆ పూటే, రేపటికి అట్టిపెట్టకుండా చెప్పేస్తున్నాను.