పెద్దమ్మకు వచ్చిన సంబంధం

పత్తికొండ దగ్గర ఒక చేను గట్టున నిలబడ్డ రాతి పెద్దమ్మను హంపమ్మ తిట్టినన్ని తిట్లు ఏ అత్తా కోడలిని తిట్టి ఉండదు. రోజూ నీళ్లు పోసి, ఆముదం రాసి, పసుపు మెత్తుతూనే తిట్టేది. వాన తప్పిన ఏడాది మొహానికి మిరపకారం పూసి, "మంట పుడితే నువ్వే కురిపిచ్చుకుంటావులే" అని ఇంటికి పోయేది. ఒకసారి మూడోనాటికి నాలుగు చినుకులు రాలాయి. ఇక ఆమెను పట్టేదెవరు! మొగుడు పోయి ఇరవై ఏళ్లు, పిల్లాజెల్లా లేరు. ఆ చేతులకు తలంటడానికి ఆ రాయి తప్ప వేరే తల లేదు.

1955 ఎండాకాలంలో పాత విగ్రహాలు వెతికే ఆఫీసరు దావీదురాజు ఎద్దులబండి కట్టించుకుని వచ్చాడు.

"ఈమె పెద్దమ్మ కాదమ్మా, తారాదేవి. బౌద్ధుల దేవత. వెయ్యేళ్ల నాటిది. కర్నూలులో పాత విగ్రహాలు దాచే చోట భద్రంగా పెడతాం," అన్నాడు.

"ఏటేటా కోడిని కోస్తాండాము. ఏ పొద్దూ వద్దనలేదే," అంది హంపమ్మ.

ఊరిపెద్ద ఈరన్న ఆమె నోటికి జడిసి, "హంపమ్మ ఊ అంటే తీసుకపో సామీ" అని తప్పుకున్నాడు.

ముందు ముఖం చూడాలని ఆఫీసరు కుంకుడురసం తెప్పించాడు. హంపమ్మ ఎవరినీ ముట్టనివ్వక తానే రుద్దింది. ముప్పై ఏళ్ల జిడ్డు పెళ్లలు పెళ్లలుగా ఊడింది. లోపల పదహారేళ్ల పిల్ల, తల కొంచెం వంచి నవ్వుతోంది.

"ఇంత చిన్నపిల్లకా నేను కారం పూసింది," అంటూ హంపమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

ఇదే అదను అనుకున్నాడు ఆఫీసరు. "కర్నూలులో ఎండ తగలదు, వాన తగలదు. కారం అసలే ఉండదు."

హంపమ్మ కళ్లు తుడుచుకుని, పెళ్లివారితో మాట్లాడేదానిలా సర్దుకు కూర్చుంది.

"ఆడ ఈ పిల్లకు రోజూ నీళ్లు పోసేదెవరప్పా?"

"పోయరమ్మా."

"తలకు ఆముదం?"

"రాతికి చెరుపు. ఎవరూ ముట్టుకోకుండా చుట్టూ తాడు కడతాం."

హంపమ్మ జిడ్డుపట్టిన తన చేతులు చూసుకుంది.

"ముట్టుకునే మనిషి లేకుంటే ఎట్లుంటాదో నాకు తెలుసప్పా. నేను పంపను."

దావీదురాజు బండి దగ్గరికి నడిచాడు. బండివాణ్ణి ఖాళీ బండే తోలమన్నాడు.