తివాచీ కింద తిమింగలం

వాంకూవర్ హాకీ జట్టుకు తువ్వాళ్ళు సర్దే లెన్ కొవాల్చుక్, డ్రెస్సింగ్ రూమ్ నేల మీది తిమింగలం బొమ్మను ఏనాడూ తొక్కలేదు. అది జట్టు గుర్తు. తొక్కితే ఓటమేనని నమ్మకం. ఇప్పుడు సొంత మైదానం ఒలింపిక్స్‌కి అప్పగించి జట్టు ఊళ్ళు పట్టుకు తిరుగుతోంది. బొమ్మ మీద తివాచీ పరిచారు. ఇక్కడే ఉండి ఒలింపిక్స్ జట్లకి తువ్వాళ్ళు అందిస్తున్నాడు లెన్. వచ్చినవాళ్ళంతా దాని మీదే నడుస్తుంటే లెన్ ప్రాణం గిలగిల్లాడుతోంది. తను మాత్రం గోడవారనే తిరుగుతాడు.

"ఏంటి పెద్దాయనా, తివాచీ కింద గొయ్యుందా?" అంది ఫిన్లాండ్ ఆడపిల్లల జట్టు గోల్‌కీపర్.

"మావాళ్ళ గుర్తుందమ్మా, తొక్కితే ఓడిపోతారు. ఈ పూట కూడా పరాయి ఊళ్ళోనే ఆట."

"అయ్యయ్యో! మేమూ తొక్కం. ఒసేయ్, అందరూ పక్కకి రండే!"

పిల్లలంతా బిలబిలమంటూ గోడవారకి వచ్చారు. చేతులనిండా తువ్వాళ్ళతో ఉన్న లెన్, వాళ్ళకి దారిస్తూ వెనక్కి వెనక్కి జరిగాడు. కాలికింద తివాచీ మెత్తగా తగిలింది.

ఆ సాయంత్రం ఆట చూద్దామని టీవీ పెట్టబోయిన భార్య చెయ్యి పట్టుకుని ఆపేశాడు.